కింద చుక్క పడకుండా కూలెంట్ ఎటు పోతోంది?

పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారు, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వారానికి అర లీటరు తగ్గుతోంది, నేల మీద మాత్రం తడి లేదు, మెకానిక్ హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) మార్చాలంటున్నాడు. ఇదే కదా మీ సమస్య? ఆగండి, అంత ఖర్చుకు ముందు చూడాల్సినవి ఉన్నాయి.

మొదట రేడియేటర్ మూత. ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయండి, లేకపోతే మరుగుతున్న నీళ్లు ముఖాన చిమ్ముతాయి. లోపలి రబ్బరు వాషర్ గట్టిపడి పగిలితే మూత ఒత్తిడిని ఆపలేదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న 0.9, 1.1 వంటి ఒత్తిడి అంకె (బార్‌లలో) సరిచూసుకోండి.

తర్వాత టార్చి పట్టుకుని హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. కారిన కూలెంట్ వేడికి ఎండి పొడిలా పేరుకుంటుంది. నా పాత కారులో దొంగ అక్కడే దొరికాడు. పంపు కింద వేలితో రాస్తే పచ్చటి పొర అంటుకుంది. చుక్క నేలకు చేరేలోపే ఆవిరైపోయేది. పంపు మార్పించాక మళ్లీ నింపాల్సిన పని పడలేదు.

కారు లోపల తియ్యటి వాసన, ముందు సీటు కింద తడి ఉంటే హీటర్ కోర్‌ను (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్‌ను) అనుమానించండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి నురగ, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ కనిపిస్తే అప్పుడు మీ మెకానిక్ మాట వినాల్సిందే.

లీకు ఆపుతాయనే పొడులు మాత్రం పోయకండి, సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. బోరు నీళ్లూ అంతే. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ చాలు.