వైపర్ వైరింగ్ రిపేర్ సరిగా చేయని మెకానిక్‌పై కేసు వేయవచ్చా?

సందేహం: నాది పాత పికప్ ట్రక్కు, నేనే నడుపుకుంటూ బతుకుతున్నాను. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోతుంటే మెకానిక్ మోటార్ మార్చి డబ్బు తీసుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు. వారం తిరక్కుండానే వానలో మళ్ళీ ఆగిపోయాయి. ఇంకో ఎలక్ట్రీషియన్ చూసి, మోటార్ బాగానే ఉండి ఉంటుంది, లోపం ఎర్త్ వైర్‌లో (కరెంటు బ్యాటరీకి తిరిగివెళ్ళే వైర్) ఉందన్నాడు. మొదటి మెకానిక్‌ని అడిగితే 'పాత బండి, నేనేం చేయను' అంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ అంతకంటే ముందు ఒక మాట. ఎర్త్ వైర్ వెంటనే బాగుచేయించుకోవాలని మీకు తొందరగా ఉంటుంది, అయినా ఫొటోలు, వీడియో తీసేదాకా ఆ వైరింగ్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి, ఎందుకంటే మీ కేసంతా లోపం ఏ వైర్‌లో ఉంది, దాన్ని అతను చూడాల్సి ఉండీ చూడలేదా అన్న దాని మీదే నిలబడుతుంది.

ఎలక్ట్రీషియన్‌తో ఈ పరీక్ష చేయించండి. వైపర్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది మోటార్ బాడీకి పెట్టాలి. ఎర్త్ బాగుంటే రీడింగ్ దాదాపు సున్నా ఉంటుంది, వోల్టులకు వోల్టులు చూపిస్తే కరెంటు తిరిగివెళ్ళే దారిలో తుప్పో వదులో ఉన్నట్టే. తర్వాత బ్యాటరీ నెగటివ్ నుంచి మోటార్ బాడీకి విడిగా ఒక మందపాటి వైర్ కలిపి చూడండి. వైపర్లు వెంటనే హుషారుగా తిరిగితే లోపం ఎక్కడుందో తేలిపోయినట్టే. ఇదంతా మీటర్ అంకెలు స్పష్టంగా కనబడేలా ఒకే వీడియోలో రావాలి. ఫ్యూజ్ బాక్స్ మూత మీద రాసిన ఆంపియర్లనీ, లోపల నిజంగా ఉన్న ఫ్యూజ్‌నీ పక్కపక్కన ఫొటో తీయండి. అసలుదాని కంటే పెద్ద ఫ్యూజ్ పెట్టి ఉంటే అది చాలా ప్రమాదం, ఫ్యూజ్ పోకముందే వైరే కాలుతుంది. కాకపోతే అది ఈ మెకానిక్కే పెట్టాడని మీరు చూపించాలి.

తీసేసిన పాత మోటార్ మీ ఆస్తి, అడిగి తీసుకోండి. అయితే నేరుగా బ్యాటరీకి కలిపితే తిరిగింది కదా అని దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. విడిగా తిరిగే మోటార్ కూడా బ్లేడ్ల బరువు పడేసరికి మొరాయించవచ్చు, అవతలి వకీలు ఆ మాటే పట్టుకుంటాడు.

ఇక చట్టం. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవా లోపమే. వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవాళ్ళు వినియోగదారులు కారని అవతలివాళ్ళు వాదిస్తారు, కానీ కొన్న వస్తువుని స్వయం ఉపాధితో బతకడానికే వాడుకుంటున్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి ఫిర్యాదులోనే 'బండి నేనే నడుపుతాను, ఇదే నా జీవనోపాధి' అని రాయండి. బిల్లు లేదని టెన్షన్ పడకండి. ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, అతనితో జరిగిన మెసేజ్‌లు పనికొస్తాయి. జిల్లా వినియోగదారుల కమిషన్ ఇలాంటివి అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు), ఇతర పత్రాల మీదే విచారిస్తుంది కాబట్టి ఆ రెండో ఎలక్ట్రీషియన్ ఏం చూశాడో అఫిడవిట్‌గా రాయించుకోవడం ముఖ్యం. అతను వెనకాడితే కేసు బలహీనపడుతుంది, ముందే అడిగి చూసుకోండి.

ముందు రిజిస్టర్డ్ పోస్ట్‌లో నోటీసు ఇవ్వండి: మోటార్ డబ్బు వాపసు ఇవ్వాలని, 15 రోజుల గడువుతో. ఇలాంటివి చాలావరకు ఇక్కడే తెగిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పవచ్చు. ఫిర్యాదు చేయడానికి 2 ఏళ్ళ గడువుంది, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

'పాత బండి' అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అతను ముట్టుకోని చోట, తర్వాత ఎక్కడో వైర్ తెగి ఉంటే బాధ్యత అతనిది కాదు. కానీ మీ బండిలో మొదటి రోజు లక్షణమే మళ్ళీ వచ్చింది కాబట్టి ఆ వాదన ఇక్కడ అంత తేలిగ్గా నిలవదు.

వైపర్లు బాగయ్యేదాకా వానలో ఆ బండి తీయకండి, దయచేసి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పనిచేసే వైపర్ ఉండి తీరాలి. లోపం తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద 1,500 రూపాయల దాకా జరిమానా, ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే 3 నెలల దాకా జైలు కూడా పడవచ్చు. అప్పుడు ఆ కేసులో ముద్దాయి మెకానిక్ కాదు, మీరే. వీడియో పూర్తయిన రోజే ఎర్త్ వైర్ బాగుచేయించి, ఈసారి బిల్లు తప్పకుండా తీసుకోండి, ఆ ఖర్చు కూడా పరిహారంలో అడగవచ్చు.