ముందు ఆ చెరువును కొట్టెయ్యి

తమ్ముడూ,

మాగ్మా, అంటే భూమి లోపల కరిగిన రాయి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరిగింది, సంతోషం. కానీ మొదటి వాక్యంలోనే "భూగర్భంలో కుతకుతలాడే నిప్పుల చెరువు" అన్నావు చూడు, అక్కడే బండి పట్టాలు తప్పింది. తిట్టే అర్హత నాకు లేదులే. అగ్నిపర్వతం కింద ఎర్ర బెలూన్ బొమ్మ వేయించి మరీ నా మొదటి వ్యాసం అచ్చు వేయించుకున్నాను.

జరిగేది వేరు. భూమి పై పటలానికి దిగువనున్న మాంటిల్ పొర నుంచి సుమారు 1200 డిగ్రీల వేడితో బసాల్ట్ అనే నల్లరాతి ద్రవం పైకొచ్చి, పటలం అడుగున రాళ్ల మధ్యకి పొరలా చొరబడుతుంది. మొదటి పొర గడ్డకట్టుకుపోతుంది. రెండోదీ అంతే. పోతూ పోతూ ప్రతి పొరా తన వేడిని పక్కనున్న రాతికి ఇచ్చిపోతుంది. ఇలా లక్షల ఏళ్లు సాగితే ఆ చోటంతా కాగిపోతుంది. ఆ తర్వాత వచ్చే ద్రవం అంత తేలిగ్గా గట్టిపడదు. పాత రాయి కూడా కొంచెం కొంచెంగా కరగడం మొదలెడుతుంది. రాతిలో నీరుంటే అందుకు 700 డిగ్రీల పైచిలుకు చాలు. గడ్డకట్టిన ఆ తొలి పొరల ఊసే నీ వ్యాసంలో లేదు. కథంతా వాటిదే కదా!

కరిగినా చెరువు కాదు. గ్రానైట్ అంటే లోపలే గడ్డకట్టిన మాగ్మానే. పాలిష్ పట్టిన గ్రానైట్ పలక దొరికితే కళ్లు ఆనించి చూడు. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం గింజలకు చాలావాటికి అంచులు తీరుగా ఉంటాయి. బూడిదరంగు ఖనిజం క్వార్ట్జ్‌కి మాత్రం సొంత ఆకారమే ఉండదు, మిగిలిన సందుల్లో సర్దుకుని ఉంటుంది. చిట్టచివరి ద్రవం ఉండిన చోట్లు అవే. లోపల ఎక్కువ కాలం ఉండేది ఇలాంటి స్ఫటికాల ముద్దే. పైబరువుకు స్ఫటికాలు దగ్గరపడుతుంటే తేలికైన ద్రవం సందుల్లోంచి పైకి జారి ఒకచోట చేరుతుంది.

ఆల్టిప్లానో-పునా మాగ్మా రాశి సంగతి రాశావు, బాగుంది. ఆండీస్‌లో బొలీవియా, చిలీ సరిహద్దు ప్రాంతం కింద 200 కిలోమీటర్ల వెడల్పు, 5 లక్షల ఘన కిలోమీటర్ల అంచనా. ఆ అంకె చూడగానే సముద్రం అనాలనిపిస్తుంది. ఆగు! అందులోనూ ఎక్కువ భాగం గట్టిగానే ఉంది. అంతెందుకు, అమెరికాలోని ఎల్లోస్టోన్ అగ్నిపర్వతం కింద, మాగ్మా ఉన్న పై అరలోనే ద్రవం 16 నుంచి 20 శాతమని 2022 అంచనా.

కాలం గురించి ఒక్క ఉదాహరణ చేర్చు. కాలిఫోర్నియాలోని టువాలమీ గ్రానైట్ రాశి ఒక్కసారి పోతపోసినట్టు కనిపిస్తుంది. ఆ రాతిలోని జిర్కాన్ అనే ఖనిజం గింజల్లో యురేనియం కాలక్రమేణా ఎంత సీసమైందో లెక్కగడితే, విడతలు విడతలుగా కోటి ఏళ్లు పట్టిందని తేలింది.

ఇంకోటి. వ్యాసం నిండా లావా, లావా అని రాశావు. పైకి వచ్చాకే లావా, లోపలున్నంతసేపూ మాగ్మానే. దిద్ది మళ్లీ పంపు.

నీ అన్నయ్య