నేల సంగతి: మేనకోడలికి ఓ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను తల్లీ. హాలంతా గోడ నుంచి గోడ దాకా కార్పెట్, పడకగదుల్లో టైల్స్ మీదే పరిచే ప్లాస్టిక్ రకం వినైల్ వేయిద్దామని ఉందన్నావు. పాలిష్ టైల్స్ మీద మీ అత్తగారికి కాలు జారుతోంది, గుంటడు పాకుతూ తల కొట్టుకుంటున్నాడు, పాత టైల్స్ పీకిస్తే ఆ దుమ్ము భరించలేరు. అన్నీ సరైన కారణాలే. కాకపోతే నువ్వు రంగులూ డిజైన్ల దగ్గర మొదలుపెట్టావు. ఈ వ్యాపారంలో జుట్టు నెరిసినవాణ్ణి కదా, ఎవరింటికెళ్ళినా నేను ముందు చూసేది పైన వేయబోయేదాన్ని కాదు, కింద ఉన్న నేలని.

ముందు కార్పెట్ సంగతి తేల్చేస్తాను. శ్రీకాకుళంలో గోడ నుంచి గోడ దాకా అంటించే కార్పెట్ వద్దు. సముద్రం దగ్గర, గాలిలో ఎప్పుడూ తేమే. అక్టోబరు వచ్చిందంటే తుఫాను భయం ఉండనే ఉంది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక జిల్లా ఎన్ని అవస్థలు పడిందో మీరు చూసినవాళ్ళే. ఫ్యాన్ తిరగక, కిటికీలు మూసుకుని కూర్చున్న రోజుల్లో కార్పెట్ తేమ పీల్చుకుని ముక్కిపోతుంది. అంటించేసినదాన్ని ఎండలో వెయ్యలేవు. కంటికి కనపడని దుమ్ము పురుగులు తేమలోనే పెరుగుతాయి, ఆయాసం ఉన్నవాళ్ళకీ పసిపిల్లలకీ అది మంచిది కాదు. పెద్ద హోటళ్ళలో వేస్తారు కదా అంటావేమో. అక్కడ ఏసీ నడుస్తూనే ఉంటుంది, ఊడ్చడానికి మనుషులుంటారు.

కాళ్ళ కింద మెత్తగా ఉండాలంటే విడిగా పరిచే తివాచీ కొనుక్కో. డబ్బుంటే ఏలూరు ఉన్ని తివాచీ, లేదంటే వరంగల్ జంపఖానా. రెండూ దులిపి ఎండలో వేసుకోవచ్చు. పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్ పోగువి చవక, నీళ్ళు పీల్చవు, తొందరగా ఆరతాయి, కానీ నడిచే దారిలో అణిగిపోతాయి. నైలాన్ అయితే తిరిగి లేస్తుంది. షాపులో తివాచీని వెనక్కి మడిచి చూడు. పోగుల మధ్య అడుగు గుడ్డ బాగా కనపడిందంటే నేత పలచన అన్నమాట. జనపనారవి మాత్రం వద్దు. నెల్లిమర్ల జూట్ మిల్లు మన పక్కనే ఉందన్న అభిమానం నాకూ ఉంది గానీ, జనపనార తడిస్తే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఇంకో మాట, తివాచీ అంచు లేచి ఉంటే మీ అత్తగారికి టైల్ కంటే అదే ప్రమాదం. అంచుల మీద సోఫా కాళ్ళు పడేలా పరిస్తే కదలదు.

ఇక వినైల్. కొనేముందు ఓ పరీక్ష చెయ్యి. అడుగున్నర చదరం పాలిథిన్ షీటు తీసుకుని, టైల్స్ అతుకులు దాని కిందకి వచ్చేలా నేల మీద వేసి, నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించు. ఒక రోజంతా వదిలేయి. తీసి చూస్తే అడుగున నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా కింద నుంచి చెమ్మ వస్తున్నట్టే. బాత్రూమ్ గోడ పక్కన ఒకటి, బయటి గోడ పక్కన ఒకటి, గది మధ్యలో ఒకటి వేసి చూడు. మే నెల ఎండల్లో ఈ పరీక్ష చేసి లాభం లేదు, నాలుగు వానలు పడ్డాక చెయ్యాలి. మీది నాగావళి పక్కన పాత ఇల్లు కాబట్టి కింద అంతస్తు మీద నాకు అనుమానమే. వినైల్ చెమ్మని పైకి పోనివ్వదు. అది అడుగునే పోగై గమ్ము వదిలేస్తుంది, అంచులు లేస్తాయి, బూజు వాసన మొదలవుతుంది. అలా తేలితే ముందు బాత్రూమ్ లీకేజీ సంగతి చూడండి. అది తేలేదాకా కింద వినైల్ మాట ఎత్తొద్దు. పై అంతస్తులో నేల పొడిగా ఉంటే నిక్షేపంగా వేసుకోవచ్చు.

షాపులో 'వుడెన్ ఫ్లోరింగ్' అని చూపించేదంతా వినైల్ కాదు. అందులో లామినేట్ కూడా ఉంటుంది. దాని లోపల నొక్కిన చెక్కపొట్టు అట్ట ఉంటుంది, నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది. అంచు చూస్తే గోధుమరంగులో తెలిసిపోతుంది. అనుమానముంటే ఒక శాంపిల్ ముక్క తెచ్చి రాత్రంతా నీళ్ళలో పడేయి.

వినైల్లో ఒక మిల్లీమీటరు కూడా లేని పలచటి మ్యాట్ రోల్ అద్దింట్లో వాళ్ళకి సరిపోతుంది. నీకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల షీటు, అడుగున కుషన్ ఉన్నది అయితే బాగుంటుంది, గుంటడు పడ్డా దెబ్బ తక్కువ. దాని మీద మంచం కోళ్ళు గుంటలు చేస్తాయి, వాటి కింద వెడల్పు బిళ్ళలు పెట్టాలి. ఎస్‌పీసీ అని రాతిపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన పలకలు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లుంటాయి, ఒకదానికొకటి లాక్ అవుతాయి, గమ్ము అక్కర్లేదు. చూడ్డానికి బాగుంటాయి కానీ గట్టిగా ఉంటాయి. ఏది కొన్నా మొత్తం మందం ఒక్కటే చూసి మోసపోకు. పైన అరుగుదలని ఆపే పొర ఎంతో అడుగు. ఇంటికి 0.3 మిల్లీమీటర్లు చాలు, రాకపోకలు ఎక్కువైతే 0.5. షాపువాడు నోటితో చెప్పింది కాదు, కేటలాగులో ఉన్నది చూడు. మీ అత్తగారి కోసం గరుకు మ్యాట్ ఫినిష్ తీసుకుని, దాని మీద నీళ్ళు చల్లి కాలితో రుద్ది చూడు.

కొలతల దగ్గర చాలామందికి డబ్బు పోతుంది. షీటు రోల్ సాధారణంగా రెండు మీటర్ల వెడల్పు, అంటే సుమారు ఆరున్నర అడుగులు. నీ గది 10 బై 12 అనుకో. పన్నెండు అడుగుల వైపు పొడవుగా పరిస్తే రెండు ముక్కలకి 157 చదరపు అడుగులు కొనాలి. పది అడుగుల వైపు పరిస్తే 131 చాలు. మనిషి అదే, గది అదే, తేడా 26 చదరపు అడుగులు. చివర్లు కోతకి రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంచుకో. అతుకు మంచం కిందకి వచ్చేలా చూడమను, గుమ్మం ఎదురుగా వద్దు.

వేసేటప్పుడు టైల్స్ మధ్య గాడులు పూడ్చకపోతే పలచటి షీటు మీద ఆ గీతలన్నీ పైకి తేలతాయి. దానికి ఫ్లోర్ లెవెలింగ్ మిశ్రమం వాడాలి. గోడకి కొట్టే పుట్టీ మిగిలింది కదా అని మేస్త్రి అది పూయబోతాడు, ఒప్పుకోకు, పొడిపొడి అయిపోతుంది. సరుకు రెండు రోజులు ముందే గదిలో ఉంచండి. ఎస్‌పీసీ అయితే గోడల దగ్గర కొద్దిగా ఖాళీ వదిలి బీడింగుతో, అంటే అంచు పట్టీతో కప్పాలి, లేకపోతే ఎండాకాలంలో వ్యాకోచించి మధ్యలో లేస్తుంది. తలుపులు కింద రాసుకుంటాయేమో ముందే కొలిచి చూసుకోండి.

పూజగదిలోనూ పొయ్యి దగ్గరా వినైల్ వద్దు. కర్పూరం నిప్పు ఒక్కటి పడినా నల్లటి మచ్చ శాశ్వతం. అక్కడ టెక్కలి గ్రానైటే వేయించు. బాత్రూమ్ యాసిడ్ వినైల్ దరిదాపులకి రానివ్వకు, తడిబట్టా కాస్త సబ్బునీళ్ళూ చాలు. గుమ్మం దగ్గర రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ వెయ్యకు. రబ్బరు వినైల్‌తో కలిసి పసుపురంగు మచ్చ పెడుతుంది, అది ఎంత రుద్దినా పోదు. నూలు పట్టా వెయ్యి.

రేటు అడిగేటప్పుడు చదరపు అడుగుకి గమ్ము, బీడింగు, లేబర్, రవాణా కలిపా విడిగానా అని కాగితం మీద రాయించుకో. ఒక్క బాక్సు ఎక్కువ కొను, అదే బ్యాచ్ నంబరుది. తర్వాత ఆ రంగు దొరకదు.

పాలిథిన్ పరీక్ష ఫొటోలూ గదుల కొలతలూ పంపు. అల్లుడుగారు ఆదివారం విజయనగరం వస్తే గంటస్తంభం దగ్గర నాకు తెలిసిన షాపుల్లో శాంపిళ్ళు చూపిస్తాను. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

మీ మావయ్య