టెక్ సందేహాలు: ఒకే ప్రయాణానికి మూడు దూరాలా?

ప్రశ్న: జులైలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమని ఫోన్లో వెతికితే ఒక సైట్ 14,000 అంటుంది, ఇంకోటి 8,700, మరోటి 7,560. టికెట్ చూస్తేనేమో మధ్యాహ్నం 2 గంటలకు ఎక్కితే అదే రోజు సాయంత్రం ఐదున్నరకు దిగుతామట! ఏది నమ్మాలి?
– రిటైర్డ్ టీచర్, అనంతపురం

జవాబు: అన్నీ నమ్మండి మాస్టారూ. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లు. మైలు అంటే 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంటుంది, ఎవరూ చూడరు. వెతికేటప్పుడు ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్ట్ కోడ్ కొట్టండి: బీఎల్ఆర్, ఎస్ఎఫ్ఓ. పక్కనే ఉన్న శాన్ హోజేకి టికెట్ చూసేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, ఎస్‌జేఓ అని కొట్టారంటే కోస్టారికాలో తేలతారు.

ఇక టైమ్. ఎక్కే టైమ్ బెంగళూరు గడియారంది, దిగే టైమ్ అక్కడిది. జులైలో తేడా పన్నెండున్నర గంటలు. మీకు కనిపించే మూడున్నరకు అది కలిపితే 16 గంటలు, అదీ అసలు ప్రయాణం. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడ గడియారాన్ని గంట వెనక్కి జరుపుతారు, అప్పుడైతే పదమూడున్నర కలపాలి.

దూరాన్ని బట్టి గంటలు లెక్కకట్టే సైట్లున్నాయి. నాకు వాటి మీద పెద్ద గురి లేదు. కిలోమీటర్లను ఒక సగటు వేగంతో భాగించి చూపిస్తాయంతే, గాలి సంగతి వాటికి పట్టదు. పైన గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా, అంటే గాలి వీచే తూర్పు దిక్కుగానే తిప్పింది. దూరం 13,900 నుంచి 15,300 కి.మీ.కి పెరిగింది, ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది! కాబట్టి టికెట్లో 'డ్యూరేషన్' అని ఉండేదే చూసుకోండి. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క అది. దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ దాకా మీ కారు ప్రయాణం అందులో ఉండదు మరి.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. చెన్నై నుంచి వెళ్లేటప్పుడు టికెట్ మీద రెండున్నర గంటల తేడానే కనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఏడు గంటలు. తిరుగు విమానం అంత నెమ్మదా?
– గృహిణి, కడప

జవాబు: లేదమ్మా. రెండు ఊళ్ల మధ్య దాదాపు 3,780 కి.మీ. పోవడానికి సుమారు ఐదు గంటలు, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి రావడానికి నాలుగున్నర. కువైట్ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అందుకే పోయేటప్పుడు అంత తగ్గి, వచ్చేటప్పుడు అంత పెరిగి కనిపిస్తుంది. చెన్నైకి కారు మాట్లాడేటప్పుడు డ్రైవర్‌కు టికెట్ మీదున్న దిగే టైమే చెప్పండి. అది మన టైమే, దానికి మళ్లీ రెండున్నర గంటలు కలపొద్దు.