రాజుగారి వంటశాల నుంచి కోడి, బియ్యం, బాదం

ప్రశ్న: ఇంగ్లండు రాజు రెండో రిచర్డు వంటవాళ్ళు 1390 ప్రాంతంలో కూర్చిన ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’ అనే వంటల పుస్తకంలోని ‘బ్లాంక్ మాంగ్’ అనే కోడి, బియ్యం, బాదం వంటకాన్ని ఇంట్లో చేద్దామనుకుంటున్నాను. వెతికితే ఒక్కోచోట ఒక్కో కొలత కనిపించింది. ఒకరైతే కార్న్‌ఫ్లోర్, వెనిల్లా కూడా వేయమన్నారు. దేన్ని నమ్మాలి? దినుసులు ఇక్కడ దొరుకుతాయా?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: కార్న్‌ఫ్లోర్, వెనిల్లా వేయమన్న విధానాన్ని నిస్సంకోచంగా పక్కన పెట్టండి. మొక్కజొన్న, వెనిల్లా రెండూ అమెరికా ఖండాల పంటలు కాబట్టి 1492కు ముందు యూరప్ వంటింట్లో అవి ఉండే అవకాశమే లేదు. మిగిలినవారి కొలతలు ఎవరి అంచనా వారిది. మూలంలో అసలు కొలతలే లేవు.

ఈ గ్రంథపు రాతప్రతి ఒకటి, చుట్టగా చుట్టినది, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాన్నే శామ్యూల్ పెగ్ 1780లో అచ్చు వేయించారు. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో మరో ప్రతి ఉంది. లేఖకులు మాటలు జారవిడవడం మామూలే కనుక, వీలైతే రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

మూలం చెప్పే క్రమం ఇది: కోడిని ఉడికించి బయటికి తీయాలి, పొట్టు తీసిన బాదంపప్పును నూరి, ఆ కోడి ఉడికిన నీళ్ళతోనే పలుచన చేయాలి, కడిగిన బియ్యాన్ని ఆ బాదంపాలలో ఉడికించి, సన్నగా చీల్చిన మాంసం, తెల్లని కొవ్వు (అంటే పందికొవ్వు), చక్కెర, ఉప్పు వేసి మళ్ళీ ఉడకనివ్వాలి. నేటి విధానాలు చాలావరకు తప్పేది బాదం దగ్గరే: మంచినీళ్ళతో పాలు తీస్తే, ఈ వంటకు ప్రాణమైన కోడిరసం పారబోసినట్టే. మూలంలోని కోడి, విత్తులు తీసి పెంచిన పుంజు. అది దొరకకపోతే బాగా ఎదిగిన, కొవ్వు పట్టిన కోడిని తీసుకోండి. పందికొవ్వు తినని ఇంట్లో ఆ రసం మీద తేలిన కొవ్వు సరిపోతుంది. నెయ్యి వాసన మాత్రం వంటను మన వైపు లాగేస్తుంది. బాసుమతి కూడా అంతే, సోనామసూరి మేలు. చక్కెర అప్పట్లో ఖరీదైన దిగుమతి సరుకు, మసాలా దినుసులా వాడేవారు. అందువల్ల కప్పు బియ్యానికి ఒక చెంచాతో మొదలుపెట్టమని నా సలహా.

చివర పైన చల్లవలసినవి నూనెలో వేయించిన బాదం, చక్కెర పూత పూసిన ఎరుపు లేదా తెలుపు సోంపు. బిర్యానీ తిన్నాక హోటల్లో చేతిలో పోసే రంగురంగుల సోంపులోంచి ఆ రెండు రంగులూ ఏరుకుంటే పని జరుగుతుంది, కాకపోతే మూలంలోది కాస్త వేరు జాతి గింజ.

ప్రశ్న: పాడైన మాంసం వాసన తెలియకుండా ఆ రోజుల్లో మసాలాలు దట్టించేవారంటారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. సముద్రాలు దాటి వచ్చిన మిరియాలు కొనగలిగినవాడికి తాజా మాంసం కొనడం కష్టం కాదు. ఆ మసాలాలు సంపదకు గుర్తు, వైద్యుల లెక్కలో ఒంటికి మంచివి కూడా. ఆ కాలపు వంటల్లో తరచూ కనిపించే పిప్పళ్ళు, దుంపరాష్ట్రం, తోకమిరియాల కోసం యూరప్‌వాళ్ళు నేడు ప్రత్యేకమైన దుకాణాలు వెతుక్కోవాలి. మీరు బేగంబజార్‌లో మూలికలు అమ్మే కొట్లో అడిగి చూడండి.