షిట్జునా, పొమెరేనియనా? మా ఇంటి అనుభవం

విజయవాడ పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలంతా ఇంట్లో 70 దాటిన అత్తగారు, సాయంత్రం బడి నుంచి వచ్చే పాప. కుక్కపిల్లల్లో షిట్జు తెచ్చుకోవాలా, పొమెరేనియన్ (పామ్) తెచ్చుకోవాలా అని అడిగారు. సత్యనారాయణపురంలో మా ఇంట్లో చింటూ అనే షిట్జు తొమ్మిదేళ్లు పెరిగింది. గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లి వాళ్లది పామ్. వాళ్లు ఊరెళ్తే అది మా దగ్గరే ఉంటుంది.

ముందు ఒక్కటి చూసుకోండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి మీ ఇంట్లో ఏసీ నడుస్తుందా? పెద్దవాళ్లు చాలామంది కాళ్లు లాగుతున్నాయని ఏసీ ఆపేస్తారు, మా అమ్మ కూడా అంతే.

కుక్క ముఖ్యంగా రొప్పడం ద్వారానే ఒంట్లో వేడి దించుకుంటుంది. షిట్జుది చప్పిడి ముక్కు, గాలి దారి ఇరుకు, ఎంత రొప్పినా వేడి తొందరగా దిగదు. మా చింటూకి నాలుగేళ్లప్పుడు రోహిణీ కార్తెలో ఒకరోజు కరెంటు పోయింది. అమ్మ నిద్రపోతోంది. నేను వచ్చేసరికి వాడు బాత్రూమ్ గచ్చు మీద నాలుగు కాళ్లూ చాపి బోర్లా పడి ఉన్నాడు. గొంతులో గురగుర, నాలుక ముదురు ఎరుపు, మూతి నిండా జిగట చొంగ. పొట్ట మీద, పాదాల మీద కుళాయి నీళ్లు పోసి, అట్టముక్కతో విసురుతూ ఆటోలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. బతికాడు. మళ్లీ ఏ ఎండాకాలమూ వాణ్ణి పగలు ఏసీ లేకుండా వదల్లేదు.

ఈ వేడి సంగతి తప్పిస్తే షిట్జు బంగారం. మా వాడు అరవడం తక్కువ, ఒళ్లో పడుకుంటే గంటసేపు కదలడు. కానీ దాని వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. రెండ్రోజులు దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో ఉండలు కట్టేస్తాయి. వాటిని స్టీలు దువ్వెనతో చివర నుంచి కొద్దికొద్దిగా విడదీయాలి, లాగితే చర్మం కందిపోతుంది. కళ్లు కాస్త బయటికి ఉంటాయి కాబట్టి గీరుకుపోతాయి. కన్ను మూసుకుని నీరు కారుతుంటే మర్నాటిదాకా ఆగొద్దు.

పామ్‌కి మూతి కొంచెం పొడవు, షిట్జు కంటే బాగా రొప్పగలదు. దానికీ వేడి పడదు, ఫ్యాన్, చల్లటి గచ్చు, నీళ్లు ఉండాల్సిందే. వేసవి అని గుండు మాత్రం చేయించకండి, ఆ బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు. అరుపులు ఎక్కువ. లిఫ్ట్ తలుపు చప్పుడైతే చాలు, మొదలుపెడుతుంది. చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తే తగ్గుతుంది. అసలు పామ్ మూడు కిలోలు ఉంటే ఎక్కువ. సోఫా మీంచి దూకినా ఎముక విరగొచ్చు, కాళ్లకి అడ్డం పడితే అత్తగారికీ ప్రమాదమే. మన దగ్గర పామ్ పేరుతో ఎక్కువగా అమ్మేది ఇండియన్ స్పిట్జ్, ఐదారు కిలోలు ఉంటుంది. మా చెల్లి వాళ్లదీ అదే.

మీ ఇంటికి నేనైతే ఆ స్పిట్జ్‌నే తెస్తాను. పగలంతా ఏసీ ఖాయం, రోజూ దువ్వే మనిషి ఉన్నారంటే మాత్రం షిట్జు.

ఏది తెచ్చినా ఎనిమిది వారాలు నిండిన పిల్లనే తీసుకోండి, పార్వో (కుక్కపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) టీకాలు, రేబిస్ టీకా డాక్టర్ చెప్పిన తేదీలకు వేయించండి. గోమార్లు పట్టకుండా మందు వాడండి. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ కొనండి. వేసవిలో షికారు పొద్దున్న ఆరులోపే. అత్తగారిని కూడా కుక్కపిల్లని చూడటానికి తీసుకెళ్లండి, పగలంతా దాంతో ఉండేది ఆవిడే.