మాతో పాటే లారీ ఎక్కిన బూజు

చిన్నీ,

విశాఖ పెదవాల్తేరులో ఇల్లు తీసుకున్నావని, అగ్రిమెంటు నీ పేరు మీదే రాయించుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల పేరున అద్దె కాగితం పుట్టడం ఇదే మొదలు. పక్కింటావిడకు కూడా చెప్పుకున్నాను. ఆ తర్వాత నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

పడగ్గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్క బిల్డింగు గోడ. బాత్‌రూమ్ ఆ గదికే ఆనుకుని ఉంది. అన్ని గోడలూ వెలిసిపోయి ఉంటే ఆ ఒక్క గోడకే కొత్త పెయింటు. నువ్వు దాన్ని చూసి మురిసిపోయావు, నేను భయపడ్డాను. సామాన్లు చేర్చకముందే వెళ్లి తలుపు వెనక, సింకు కింద, అటక మూలల్లో చూడు. తడిసిన గోనెసంచి వాసన వస్తుందేమో చూడు. ఫోటోలు తీసి మొదటిరోజే ఓనరుకు పంపు, తర్వాత అడ్వాన్సు దగ్గర పేచీ ఉండదు.

ఓనరుతో మర్యాదగా మాట్లాడు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా తప్పొకటి చెప్పుకోవాలి.

1996లో మేం అక్కయ్యపాలెంలో మేడమీద వాటాలో ఉండేవాళ్లం. మీ పెదనాన్నకు షిప్‌యార్డులో షిఫ్టు డ్యూటీ, మీ అన్నయ్యకు రెండేళ్లు. దోమలు భరించలేక వెంటిలేటర్లలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కేశాను. చీమ దూరే సందు కూడా ఉంచలేదని గర్వం ఒకటి. వానల్లో బట్టలు ఆరేసే చోటు లేక పడగ్గదిలోనే తాడు కట్టి, కిటికీ మూసి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టేదాన్ని. ఇనప బీరువాను బాత్‌రూమ్ గోడకు ఆనించేశాం. ఆగస్టు వచ్చేసరికి బీరువా వెనక గోడంతా నల్ల చుక్కలు. సాలీడు బూజు కాదు, ఊరగాయ మీద పట్టే రకం. నా పెళ్లిచీర మడతల్లోకి కూడా పాకింది.

వెంటనే ఓనరు మీద పడ్డాను. మేడ కారుతోందన్నాను. ఆయన పెద్దాయన, పెన్షన్ మీద బతికే మనిషి. రెండుసార్లు మేడెక్కి చూసొచ్చి, "పైన పగులేమీ లేదమ్మా" అన్నాడు. నేను వింటేగా! అద్దె ఆపేస్తామన్నాను. పాపం, అప్పు చేసి స్లాబు మీద పూత వేయించాడు. గోడ మాత్రం మళ్లీ నల్లబడింది. సిమెంటు తక్కువేసి ఇసుక ఎక్కువ కలిపించాడని వీధంతా చెప్పి, సంక్రాంతి వెళ్లాక ఇల్లు ఖాళీ చేసి మర్రిపాలెం వచ్చేశాం.

మర్రిపాలెంలో కొత్త బిల్డింగు. మా పైన ఇంకో కుటుంబం, కారడానికి మేడే లేదు. అయినా ఆ ఏడు వానలకు బీరువా వెనక మళ్లీ అవే చుక్కలు. బూజు మాతో పాటే లారీ ఎక్కి వచ్చింది!

వేరే పని మీద వచ్చిన ఒక మేస్త్రీ చూసి, పాలిథిన్ కవరు ముక్క కత్తిరించి, గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించాడు. రెండు రోజులాగి చూడమన్నాడు. చూస్తే గది వైపే తడి, కవరు కింద గోడ పొడిగా ఉంది. "గోడలోంచి వస్తే కవరు లోపల చెమ్మ ఉంటాది. ఇది మీ గదిలో తడేనమ్మా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు బయట చెమటలు పట్టినట్టే, గాలిలో ఉన్న ఆవిరి చల్లటి గోడ దగ్గరికి వెళ్లి నీరవుతుంది. నా తడిబట్టలూ, కుక్కరూ, స్నానాల వేడినీళ్లూ కలిసి ఆ ఆవిరి. బయటికి పోయే దారి నా చేతులతో నేనే మూసేశాను. ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పాల్సింది. వెళ్లలేదు. ఇప్పటికీ ఆ సందు వైపు వెళ్తే తల దించుకునే నడుస్తాను.

ఇంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఆ రెండేళ్లూ మీ అన్నయ్యకు రాత్రుళ్లు పిల్లికూతలు. చలిగాలి తగులుతుందేమోనని నేను కిటికీ ఇంకా బిగించేదాన్ని. డాక్టరుగారు గది ఎలా ఉంటుందని అడిగేదాకా నాకు తట్టలేదు. నీకూ చిన్నప్పుడు ఆయాసం ఉండేది. విసుక్కోకుండా విను.

స్నానం చేశాక బాత్‌రూమ్ తలుపు గదిలోకి బార్లా తెరిచిపెట్టకు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఇంకో పావుగంట తిరగనీ. వంటింట్లోనూ అంతే. పడగ్గది కిటికీ ఒక్కటీ తెరిస్తే గాలి ఆడదు, ఎదురుగా హాలు కిటికీ కూడా తెరువు. లోపలికొచ్చిన గాలికి బయటికి దారుండాలి. మన ఊళ్లో వాన కురుస్తున్నప్పుడు బయట గాలి కూడా తడిగానే ఉంటుంది, అప్పుడు తెరిచి లాభం లేదు. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చినప్పుడు తియ్యి. బీరువా గోడకు జానెడు దూరంలో, వీలైతే లోపలి గోడ దగ్గర.

ఏసీ సంగతి. 2020 జనవరి నుంచి వస్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపిస్తాయి. అక్కడే ఉంచు. నువ్వు 18కి దించి దుప్పటి కప్పుకునే రకం, నాకు తెలుసు. పొద్దున్నే ఏసీ ఆపి వెంటనే కిటికీ తీస్తే బయట ఉక్కంతా వచ్చి చల్లబడ్డ గోడల మీద, అద్దాల మీద కూర్చుంటుంది. అరగంట ఫ్యాను వేసుకుని, తర్వాత తియ్యి.

ఏదైనా తడిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆరిపోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక, ఆరబెట్టే దారి లేక, రెండు పరుపులు వీధిలో పడేశాం. చుక్కలు కనిపిస్తే పొడిగుడ్డతో దులపకు, ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిగుడ్డతో తుడువు. బ్లీచింగ్ వాడితే అందులో బాత్‌రూమ్ యాసిడ్ పొరపాటున కూడా కలపకు. విషపు గాలి వస్తుంది తల్లీ, ఒంటరిగా ఉంటావు. పైన పెయింటు వేసి కప్పడం మాత్రం వద్దు, రంగు కిందే పెరుగుతుంది.

కవరు టేపు చేసి రెండు రోజులకు ఫోన్ చెయ్యి. కవరు కింద, గోడ వైపు తడి ఉంటే అది ఓనరు పని, అప్పుడు గట్టిగానే అడుగు. ఆదివారం మీ పెదనాన్న వెంటిలేటర్లకు దోమల జాలీ కొట్టడానికి వస్తారట, స్టూలు ఉందో లేదో చెప్పు. మాగాయ పంపిస్తున్నాను, తడి స్పూను పెట్టకు.

పెద్దమ్మ